తాళం తెరవకముందే ధర తెలియాలి: అత్యవసర సేవలో వినియోగదారుడి హక్కు, పనివారి బాధ్యత

రాత్రి 11 గంటల వేళ చెత్తబుట్ట బయట పెట్టడానికి గడప దాటగానే గాలికి తలుపు పడిపోయి నైట్ లాచ్ బిగుసుకుపోవడం అపార్ట్‌మెంట్లలో నివసించేవారికి కొత్త సంగతి కాదు. తాళంచెవి లోపల, ఇంటివారు బయట. ఎదురింటివారిని లేపి ఫోను అడిగి, కాపలాదారుకు తెలిసిన తాళాల పనివారి నంబరు ఒకటి సంపాదించి, "కాస్త త్వరగా రండి" అని వేడుకోవడంతో మొదటి అంకం ముగుస్తుంది. ఎంత తీసుకుంటారన్న ప్రశ్న ఆ తొందరలో చాలామందికి గుర్తుకు రాదు. వచ్చినా అడగడానికి మొహమాటపడతారు. తలుపు తెరుచుకున్న మరుక్షణం ఆ ప్రశ్న రెండింతల పరిమాణంలో ఎదుట నిలుస్తుంది.

అత్యవసరంగా తాళాలు తెరిచే సేవకు ధరను ముందుగా తెలియజేయడం గురించి మన దేశ చట్టాలు ఏమి చెబుతున్నాయి, ఆ ధరలో ఏయే అంశాలు కలిసి ఉంటాయి, ఫోనులో ఏమి అడగాలి, పనివారు ఏమి చెప్పాలి, వివాదం తలెత్తితే ఎక్కడికి వెళ్లాలి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. అయితే అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. లోపల పసిబిడ్డ చిక్కుకుపోయినా, పొయ్యి మీద గిన్నె మాడుతున్నా, గ్యాస్ వాసన వస్తున్నా, వృద్ధులు పలకకపోయినా అది తాళాల పనివారితో బేరమాడే సందర్భం కాదు. జాతీయ అత్యవసర సంఖ్య 112కు గానీ, అగ్నిమాపక శాఖ సంఖ్య 101కి గానీ వెంటనే ఫోను చేయాలి. తలుపు పగిలితే మరో తలుపు పెట్టించుకోవచ్చు.

బేరం తలకిందులయ్యే చోటు

మామూలు రోజుల్లో మారుతాళం చేయించుకోవడానికి బజారుకు వెళ్లే మనిషికి ఎంపిక ఉంటుంది. ఒకరు ఎక్కువ చెబితే పక్క వీధిలో మరొకరు ఉంటారు. అర్ధరాత్రి మూసుకుపోయిన తలుపు ముందు నిలబడినవారికి ఆ అవకాశం లేదు. రాకపోకల ఖర్చు పెట్టుకుని పనివారు వచ్చేశారు, చేతిలో పనిముట్లు ఉన్నాయి, పక్కనే పిల్లలు నిద్రకు తూలుతున్నారు. ఆ స్థితిలో చెప్పిన ధరకు ఒప్పుకోవడాన్ని పూర్తి స్వేచ్ఛతో చేసిన ఒప్పందమని అనడం కష్టం. ఇంకా ఫోనులోనే ఉండగా, పనివారు ఇల్లు కదలకముందు, ఇద్దరి బలమూ దాదాపు సమానంగా ఉంటుంది. వద్దనుకుంటే ఇద్దరికీ నష్టం లేదు. ధర మాట్లాడుకోవలసిన సమయం సరిగ్గా అదే.

ఈ విషయంలో తప్పంతా పనివారిదేనని అనుకోవడం న్యాయం కాదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత వీరికి నిత్యానుభవం. తలుపు తెరుచుకోనంతసేపు "ఎంతైనా ఇస్తాం" అన్నవారే తెరుచుకున్నాక "రెండు నిమిషాల పనికి ఇంతా?" అంటారు. ఇందులో ఒక విచిత్రం ఉంది. పనిలో ఆరితేరినవారు తాళాన్ని పాడుచేయకుండా క్షణాల్లో తెరుస్తారు. చేయి తిరగనివారు గంటసేపు తంటాలుపడి, చివరకు తాళం పగలగొట్టి, కొత్తది బిగించి వెళతారు. రెండో వ్యక్తి చెమట కళ్లకు కనిపిస్తుంది కాబట్టి ఆయన అడిగిన సొమ్ము సబబుగా తోస్తుంది. మొదటి వ్యక్తి నేర్పుకు మాత్రం వెల కట్టడానికి మనసొప్పదు. ధర ముందే కుదిరితే నేర్పరికి ఈ అన్యాయం జరగదు. అందువల్ల ముందుగా ధర చెప్పడం వినియోగదారుడికి ఎంత రక్షణో, నిజాయతీగల పనివారికీ అంతే రక్షణ.

చట్టంలో ఆధారం ఎక్కడ ఉంది?

తాళాలు తెరిచే పనికి ప్రభుత్వం నిర్ణయించిన ధరల పట్టిక లేదు. ఆ వృత్తికంటూ ప్రత్యేకమైన జాతీయ లైసెన్సు చట్టమూ మన దేశంలో లేదు. సీసాలో అమ్మే నీటికీ, ప్యాకెట్టులో అమ్మే బిస్కెట్లకూ గరిష్ఠ చిల్లర ధర ముద్రించాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి గానీ, మనిషి చేసే సేవకు అలాంటి ముద్ర ఉండదు. అందుచేత ఎంతైనా అడగవచ్చునని కొందరు, అడిగినంతా ఇవ్వక తప్పదని మరికొందరు భావిస్తుంటారు. రెండూ సరికావు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ సేవకు కూడా వర్తిస్తుంది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టం, ప్రతిఫలం తీసుకుని చేసే పనిని సేవగా పరిగణిస్తుంది. పెద్ద సంస్థా, బజారులో గొడుగు కింద కూర్చున్న ఒంటరి పనివారా అన్న తేడా అందులో లేదు. వస్తువుల, సేవల నాణ్యత, పరిమాణం, ప్రమాణాలతో పాటు ధర గురించి కూడా తెలుసుకోవడం వినియోగదారుడి హక్కుల్లో ఒకటని చట్టంలోని 2వ సెక్షన్ స్పష్టంగా పేర్కొంది. సేవాదాత అవసరమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచిపెట్టడం సేవాలోపం కిందికి వస్తుందని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఫోనులో ఒక మొత్తం చెప్పి, రాత్రి వేళ అదనపు రుసుము ఉంటుందన్న సంగతి తెలిసి కూడా దాచి, తలుపు తెరిచాక బయటపెట్టడం ఈ నిర్వచనానికి సరిపోయే సందర్భమే.

అన్నిటికన్నా ముఖ్యమైన అంశం మరొకటి. ఎక్కువ ధర వసూలు చేశారని ఫిర్యాదు చేయడానికి చట్టం నాలుగు ప్రాతిపదికలను గుర్తించింది. చట్టం నిర్ణయించిన ధరను మించడం, వస్తువు మీద గానీ దాని ప్యాకెట్టు మీద గానీ ఉన్న ధరను మించడం, దుకాణంలో ప్రదర్శించిన ధరల పట్టికను మించడం, ఇరుపక్షాలు అంగీకరించిన ధరను మించడం. తాళాల సేవకు మొదటిది లేదు, రెండోది సేవకు వర్తించదు, ఇంటికి వచ్చే పనివారికి మూడోది ఉండటం అరుదు. మిగిలింది నాలుగోది మాత్రమే. అంటే ముందుగా మాట్లాడుకున్న ధర అంటూ ఒకటి ఉంటేనే, దానికన్నా ఎక్కువ తీసుకున్నారని చెప్పడానికి చట్టంలో గట్టి పట్టు దొరుకుతుంది. ఫోనులో అడిగే ఆ ఒక్క ప్రశ్నకు ఇంత విలువ ఉంది.

అందిన సేవకు బిల్లుగానీ రసీదుగానీ నిర్ణీత రీతిలో ఇవ్వకపోవడాన్ని అనుచిత వాణిజ్య పద్ధతుల జాబితాలో ఇదే చట్టం చేర్చింది. 1986 నాటి పాత చట్టంలో ఈ అంశం లేదు.

ధర అసలే మాట్లాడుకోకపోతే?

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ధర కుదరలేదు కాబట్టి ఏమీ ఇవ్వనవసరం లేదని వినియోగదారుడు వాదించడం చెల్లదు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు మరొకరి కోసం న్యాయసమ్మతంగా ఒక పని చేసి, ఆ మేలును రెండోవారు పొందినప్పుడు తగిన ప్రతిఫలం ఇవ్వవలసిందేనని భారత ఒప్పందాల చట్టం, 1872లోని 70వ సెక్షన్ చెబుతోంది. అదే సూత్రం పనివారినీ కట్టడి చేస్తుంది. వారికి రావలసింది తగిన ప్రతిఫలం, నోటికి వచ్చిన మొత్తం కాదు. ఏది తగినదన్న విషయం ఆ ఊరిలో ఆ పనికి సాధారణంగా తీసుకునే సొమ్ము, వేళ, దూరం, తాళం స్వభావం వంటివాటిని బట్టి తేలుతుంది. నిజానికి ఇంత చిన్న మొత్తాల కోసం ఎవరూ న్యాయస్థానం దాకా వెళ్లరు. గుమ్మం దగ్గరే గొంతులు లేస్తాయి, పొరుగువారు కలగజేసుకుంటారు, మధ్యేమార్గంగా ఏదో ఒక మొత్తం చేతులు మారుతుంది. అడిగిన సొమ్ము ఇవ్వకపోతే పని అయ్యాక కూడా కదలబోమని బెదిరించడం, తాళంచెవులు తిరిగి ఇవ్వకపోవడం వంటివి జరిగితే మాత్రం అది బేరం హద్దు దాటినట్టే. అప్పుడు 112కు ఫోను చేయడానికి సంకోచించనక్కరలేదు.

"తాళం పోయింది" అంటే ఏమిటి?

ఫోనులో కచ్చితమైన ధర చెప్పడం సాధ్యం కాదని పనివారు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. చూడకుండా ఎలా చెప్పగలం అంటారు. అయితే చూడకుండానే చాలావరకు తేల్చగల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ముందుగా భాషతోనే చిక్కు ఉంది. "తాళం పోయింది" అని ఫోనులో చెబితే కొందరి వాడుకలో తాళంచెవి పారేసుకున్నారని అర్థం, మరికొందరి వాడుకలో తాళం చెడిపోయిందని అర్థం. కప్ప అనేవారు, బీగం అనేవారు కూడా ఉన్నారు. చెవి పోయిన తలుపును తెరవడం వేరు, లోపలి యంత్రం విరిగిపోయిన తాళాన్ని తెరవడం వేరు. రెండింటి శ్రమా వేరు, ధరా వేరు. ఈ ఒక్క మాట తేటపడకపోవడం వల్ల మొదలయ్యే తగాదాలు తక్కువేమీ కావు.

తర్వాత అడగవలసిన ప్రశ్న, తలుపు లాగితే దానంతటదే పడిందా, లేక చెవితో తిప్పి తాళం వేశారా అన్నది. స్ప్రింగుతో పనిచేసే నాలుక మాత్రమే పడి ఉంటే సాధారణంగా త్వరగా తెరుచుకుంటుంది. చెవితో పూర్తిగా తిప్పి వేసినప్పుడు గడియ చట్రంలోకి లోతుగా దిగుతుంది, పని పెరుగుతుంది. తాళం రకం మూడో ప్రశ్న. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్, తమిళనాడులోని దిండిగల్ వంటి కేంద్రాలకు పేరు తెచ్చిన లీవరు కప్పలు ఒక తరహా. నైట్ లాచ్‌లలో, మోర్టిస్ తాళాల్లో తరచుగా కనిపించే పిన్ సిలిండరు మరో తరహా. అందులో వేర్వేరు ఎత్తుల్లో ఉండే చిన్న పిన్నులు సరైన చెవి దూరినప్పుడు మాత్రమే ఒకే వరుసకు వచ్చి సిలిండరును తిరగనిస్తాయి. చెవి మీద పళ్లకు బదులు గుంటలు ఉండే భద్రతా సిలిండర్లు తెరవడానికి ఎక్కువ నేర్పు, ఎక్కువ సమయం పడతాయి.

వాట్సాప్ ఇంటింటా ఉన్న కాలంలో తాళం ముఖభాగానికి ఒక ఫోటో, తలుపు అంచుకు ఒక ఫోటో తీసి పంపితే సగం సందేహాలు తీరిపోతాయి. విరిగిన చెవి ముక్క రంధ్రంలో ఇరుక్కుందా, లోపలి వైపు నుంచి మరో గొళ్లెం వేసి ఉందా, బయట ఇనుప గ్రిల్లుకు వేరే తాళం ఉందా అన్నవి కూడా ముందే చెప్పవలసినవి. చెప్పని గ్రిల్లు తాళం అక్కడికి చేరాక కనబడితే అదనంగా అడగడం పనివారి తప్పు కాదు.

సంఖ్యలు నొక్కి తెరిచే డిజిటల్ తాళాల విషయంలో మరో జాగ్రత్త ఉంది. బ్యాటరీ అయిపోయినందువల్ల తలుపు తెరుచుకోకపోతే ఎవరినీ పిలవనక్కరలేకపోవచ్చు. చాలా నమూనాల్లో 9 వోల్టుల బ్యాటరీని ఆనించే కొనలు గానీ, పవర్ బ్యాంకును తగిలించే చోటు గానీ తాళం బయటి భాగంలో అమర్చి ఉంటాయి. విడిగా వాడే లోహపు చెవిని కూడా కొన్నిటితో ఇస్తారు. ఆ చెవిని ఇంటిలోపలి బీరువాలోనే దాచుకోవడం మనలో చాలామంది చేసే పని.

ధరలో ఏమేమి ఉండాలి

ఒక్క అంకె చెప్పి ఊరుకోవడం కన్నా, ఏ అంకె దేనికో చెప్పడం ఇద్దరికీ మేలు. రావడానికి ఎంత, తెరవడానికి ఎంత, వస్తువు మార్చవలసి వస్తే దానికి ఎంత అన్నవి మూడు వేర్వేరు విషయాలు. వాటిలో రాక రుసుము గురించే తగాదాలు ఎక్కువ. తలుపు తెరవలేకపోయినా అది ఇవ్వాలా? పనివారు దారిలో ఉండగా ఇంటివారికి మరో చెవి దొరికితే? పని చేయించుకుంటే ఆ మొత్తం తెరిచే రుసుములో కలిసిపోతుందా, విడిగా ఉంటుందా? ముందే తేల్చుకుంటే ఇవన్నీ అర నిమిషం మాటలు. తేల్చుకోకపోతే గంట వాదన.

పనివారు ఫోనులో చెప్పదగిన మాట ఇలా ఉండవచ్చు: "రాత్రి 10 దాటింది కాబట్టి రావడానికి 300 రూపాయలండీ. తలుపు తెరిచినా తెరవకపోయినా అది ఇవ్వాలి. మీరు చెప్పినట్టు నైట్ లాచ్ పడిపోయి ఉంటే తెరవడానికి 500. మొత్తం 800. డ్రిల్లు వేయాల్సి వస్తే ముందు మీకు చెబుతాను, మీరు సరే అంటేనే వేస్తాను. కొత్త తాళం కావాలంటే దాని ధర వేరే." ఈ అంకెలు వివరణ కోసం చెప్పినవే గానీ మార్కెట్టు ధరలు కావు. ఊరిని బట్టి, వేళను బట్టి అవి మారుతాయి. గమనించవలసింది ఆ మాటల వరుస. అందులో మొత్తం ఉంది, దాని విడి భాగాలు ఉన్నాయి, ఏ పరిస్థితిలో మారుతుందో ఉంది, మారేముందు అడుగుతానన్న హామీ ఉంది. ఇంతకన్నా వివరంగా చెప్పడం రాత్రి వేళ ఎవరి తరమూ కాదు.

కచ్చితంగా చెప్పలేనప్పుడు "ఇంత నుంచి ఇంత వరకు" అని చెప్పడం తప్పు కాదు. అయితే పై హద్దు లేని ధర, అంటే "200 నుంచి మొదలు" అని మాత్రమే చెప్పి ఆపడం, ధర చెప్పినట్టు కాదు. అది ఎర. గోడల మీద, లిఫ్టుల్లో అతికించే స్టిక్కర్ల మీద, ఇంటర్నెట్ ప్రకటనల్లో ఇటువంటి అంకెలే ఎక్కువ. ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచే ప్రకటనను తప్పుదారి పట్టించే ప్రకటనగా 2019 చట్టం నిర్వచించింది. ఇటువంటి ప్రకటనలపై చర్య తీసుకునే అధికారం 2020 జూలైలో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, ఆపై ప్రతిసారీ 50 లక్షల వరకు జరిమానా విధించే వీలుంది. వీధి చివరి పనివారిని ఉద్దేశించిన మొత్తాలు కావివి. వారి పేరు చెప్పి, వారి పనిని మధ్యలో నిలబడి అమ్ముకునే పెద్ద వేదికలు గుర్తుపెట్టుకోవలసినవి.

పన్ను పేరుతో అడిగే అదనపు సొమ్ము గురించి ఒక మాట. సేవలు అందించేవారి వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి. ప్రత్యేక కేటగిరీ రాష్ట్రాలు కొన్నిటిలో ఆ పరిమితి 10 లక్షలు. నమోదు కానివారు జీఎస్టీ వసూలు చేయరాదు. కాబట్టి ఫోనులో చెప్పిన మొత్తానికి చివర్లో 18 శాతం కలిపేవారిని నమోదు సంఖ్య ఉన్న బిల్లు అడగడం సబబు. ఆ సంఖ్య లేకపోతే ఆ 18 శాతమూ లేనట్టే.

డ్రిల్లు తీసే ముందు

తాళాన్ని చెడగొట్టకుండా తెరవడం మొదటి ప్రయత్నం కావాలి. రంధ్రం వేయడం చివరి మార్గం. వచ్చీ రాగానే చెవిరంధ్రం వైపు ఒకసారి చూసి "ఇది తెరుచుకోదు, డ్రిల్లు వేయాల్సిందే" అనే పనివారి విషయంలో కాస్త ఆగడం మంచిది. తాళం పాడైతే కొత్తది కొనాలి, ఆ కొత్తది వారి సంచిలోనే ఉంటుంది. కొన్ని తాళాలకు నిజంగానే వేరే మార్గం ఉండదు. అలాంటప్పుడు ఎందుకు తెరుచుకోవడం లేదో వివరించి, రంధ్రం వేయడానికి ఎంత, కొత్త సిలిండరుకు ఎంత, మొత్తం ఎంత అన్నది చెప్పి, ఇంటివారి అంగీకారం తీసుకున్నాకే పనిముట్టు పట్టడం మర్యాద. ఆ అంగీకారాన్ని వాట్సాప్‌లో ఒక్క వాక్యంగా రాయించుకుంటే ఇద్దరికీ రుజువు మిగులుతుంది.

ఇక్కడే గరిష్ఠ చిల్లర ధర ఉపయోగపడుతుంది. సేవకు అది లేకపోయినా, చిల్లరగా అమ్మే ప్యాకెట్టులోని తాళానికి ఉంటుంది. రాత్రి వేళ తెచ్చి ఇచ్చాం కాబట్టి పెట్టె మీది ధరను మించి ఇవ్వాలనడం కుదరదు. బిగించినందుకు కూలి విడిగా తీసుకోవచ్చు. ఖాళీ పెట్టెను, అందులోని వారంటీ కార్డును, అన్ని చెవులను ఇంటివారు అడిగి తీసుకోవాలి. కొత్త సిలిండరుతో వచ్చిన చెవుల్లో ఒకటి తక్కువైతే నష్టం ధరతో పోయేది కాదు.

యాప్‌లు, వెబ్‌సైట్ల ద్వారా పిలిచినప్పుడు

నగరాల్లో ఇటువంటి సేవలను ఇప్పుడు యాప్‌ల ద్వారా కూడా పొందుతున్నారు. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ఆన్‌లైన్ వేదికపై సేవ అమ్మేవారు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలి. దానితో పాటు తప్పనిసరి, ఐచ్ఛిక రుసుములను, రవాణా ఖర్చును, పన్నును విడివిడిగా తెలియజేయాలి. మొదట తక్కువ ధర చూపి, చెల్లింపు దశకు చేరేసరికి ఒక్కొక్కటిగా రుసుములు కలుపుతూ పోవడాన్ని, బొట్టుబొట్టుగా ధర పెంచే పద్ధతిగా గుర్తించి, 2023 నవంబరు 30న వెలువడిన మార్గదర్శకాల్లో నిషేధించారు. వినియోగదారుడిని మాయచేసే 13 పద్ధతులను ఆ మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ఇంకా తొందరపెట్టే అబద్ధపు హెచ్చరికలు, అడగని సేవను బుట్టలో కలపడం కూడా వాటిలో ఉన్నాయి.

ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకున్న నంబర్లతో మరో ప్రమాదం పొంచి ఉంది. "రాక రుసుము ముందే పంపితేనే మనిషి బయలుదేరతాడు" అని క్యూఆర్ కోడ్ పంపి, సొమ్ము అందగానే ఫోను ఆపేసేవారు ఉన్నారు. ముందస్తు సొమ్ము అడిగిన ప్రతివారూ మోసగాళ్లు కాకపోవచ్చు. అయినా పనివారు గుమ్మం చేరాక చెల్లిస్తామని చెప్పడమే క్షేమం. డబ్బు తిరిగి పంపుతామంటూ యూపీఐ పిన్ నొక్కమంటే ఆ ఫోను పెట్టేయాలి. సొమ్ము రావడానికి పిన్ అవసరం లేదు. ఇటువంటి మోసం జరిగితే సైబర్ నేరాల సహాయవాణి 1930కి వెంటనే చెప్పాలి. ఆలస్యం అయ్యేకొద్దీ ఆ సొమ్మును ఆపగల అవకాశం తగ్గుతుంది.

పనివారు అడిగే ప్రశ్నలు

ధర మాట్లాడుకున్నాక పనివారు ఆధార్ కార్డు చూపించమంటే కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోవలసిన పని లేదు. ఈ ఇల్లు మీదేనని ఆయనకెలా తెలుసు? రేపు దొంగతనం కేసు నమోదైతే పోలీసులు మొదట తట్టేది ఆయన తలుపే. చిరునామా ఉన్న గుర్తింపు పత్రం ఇంటి లోపలే ఉంటే, పొరుగువారో కాపలాదారో వచ్చి నిలబడితే చాలు. అద్దె ఇల్లయితే యజమానికి ఒక ఫోను. గుర్తింపు కోసం ఏమేమి కావాలో కూడా ధరతో పాటే ఫోనులో చెప్పేవారు నమ్మదగినవారని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఏమీ అడగకుండా తెరిచి వెళ్లేవారు మరొకరి మాట మీద మన తలుపు కూడా అలాగే తెరుస్తారు.

అదేవిధంగా పనివారి పేరు, ఫోను నంబరు రాసిపెట్టుకోవడం, చెల్లింపు వీలైతే యూపీఐలో చేసి దేనికోసమో ఆ గడిలో రాయడం ఇంటివారి వంతు.

ఇతర దేశాల్లో

ఈ సమస్య మన ఒక్కరిదీ కాదు. అమెరికాలో ఫోనులో తక్కువ ధర చెప్పి, వచ్చాక కొన్ని రెట్లు అడిగే నకిలీ సేవల గురించి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వినియోగదారులను హెచ్చరిస్తూ వచ్చింది. ఆరంభంలోనే డ్రిల్లు అవసరమనే వారిని, సంస్థ పేరు సూటిగా చెప్పని వారిని అనుమానించాలన్నది ఆ హెచ్చరికల సారాంశం. తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు పెద్దసంఖ్యలో ఉన్న టెక్సాస్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో తాళాల పనివారికి లైసెన్సు తప్పనిసరి. వచ్చిన వ్యక్తిని లైసెన్సు చూపమని అడగడం అక్కడ మామూలు విషయం. కొత్తగా వెళ్లినవారు మొహమాటపడి ఊరుకోనక్కరలేదు. బ్రిటన్‌లో మాత్రం మన దేశంలాగే ప్రభుత్వ లైసెన్సు లేదు. అక్కడ వృత్తి సంఘం తన సభ్యులను పరీక్షించి గుర్తింపు ఇస్తుంది.

జర్మనీలో ఈ వివాదం దేశ అత్యున్నత సాధారణ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఇంటి బయట చిక్కుకుపోవడమే ఒక నిస్సహాయ స్థితి అని, దాన్ని ఆసరాగా తీసుకుని విపరీతమైన ధర వసూలు చేయడం అక్కడి వడ్డీ దోపిడీ నేర నిబంధన పరిధిలోకి రావచ్చునని 2020లో ఆ న్యాయస్థానం అభిప్రాయపడింది. లోపల బిడ్డ ఉండటమో, పొయ్యి వెలుగుతుండటమో వంటి అదనపు ప్రమాదం ఉన్నట్టు రుజువు చేయనవసరం లేదన్నది ఆ తీర్పులోని ముఖ్యాంశం.

ఫిర్యాదు చేయాలంటే

జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915. తెలుగుతో సహా 17 భాషల్లో ఇది పనిచేస్తుంది. ఇది వివాదాన్ని సంబంధిత పక్షం దృష్టికి తీసుకువెళ్లి పరిష్కరించే ప్రయత్నం చేసే వేదికే తప్ప తీర్పు చెప్పే న్యాయస్థానం కాదు. పేరున్న సంస్థ లేదా యాప్ మీద ఫిర్యాదు అయితే ఇక్కడే తేలిపోయే అవకాశం ఎక్కువ.

అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 50 లక్షల రూపాయలకు మించని ఫిర్యాదులు దాని పరిధిలోకి వస్తాయి. 5 లక్షల వరకు దాఖలు రుసుము లేదు. సేవ ఎక్కడ పొందినా, ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే దాఖలు చేసుకోవచ్చు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేసే సౌకర్యం ఉంది.

దీనికి జతపరచవలసిన పత్రాలు పెద్దవేమీ కావు. ధర చెప్పిన వాట్సాప్ సందేశం, చెల్లింపు వివరం, బిల్లు ఉంటే బిల్లు, పాడైన తాళం ఫోటో. మాట ఫోనులోనే జరిగి రాతపూర్వకంగా ఏమీ లేకపోతే, పనివారు బయలుదేరకముందే "మీరు చెప్పినట్టు రాకతో కలిపి మొత్తం ఇంత, డ్రిల్లు వేసే ముందు అడుగుతారు" అని ఇంటివారే ఒక సందేశం పంపి, "సరే" అన్న జవాబు తెప్పించుకుంటే సరిపోతుంది. ఆ సమయంలో ఫోను కూడా తలుపు లోపలే ఉండిపోతే, పొరుగువారి ఫోను నుంచి పంపించిన సందేశమూ సాక్ష్యంగా ఉపయోగపడుతుంది.